నాస్‌లో హార్డ్ డ్రైవులు నిలబెట్టి బిగించొచ్చా, పడుకోబెట్టే ఉంచాలా?

క్లిక్_హన్మకొండ
పెళ్లి ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికి ఇంట్లో పాత డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో ట్రూనాస్ అనే సాఫ్ట్‌వేర్ వేసి నాస్‌గా, అంటే ఇంటి నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టెగా, నడిపిస్తున్నాను. 3.5 అంగుళాల డ్రైవులు నాలుగు ఉన్నాయి. క్యాబినెట్‌లో డ్రైవు గదులు రెండే. అసెంబుల్ చేసిన దుకాణం వాళ్లు మిగతా రెండింటిని అడుగున స్పాంజి ముక్క వేసి, క్యాబినెట్ గోడకు ఆనించి నిలబెట్టారు. స్క్రూ ఒక్కటి కూడా లేదు. అందులో ఒకటి ఏటవాలుగా ఒరిగి ఉంది. రాత్రిపూట ‘గుయ్’మని ఒక మోత, పెరుగుతూ తగ్గుతూ వినిపిస్తోంది. అడిగితే "లోపల ఏమీ కదలదు, ఎట్లా పెట్టినా ఒకటే" అన్నారు. మా బావ దానికి పూర్తిగా ఉల్టా చెప్తున్నాడు: డ్రైవు పడుకోబెట్టే ఉంచాలి, నిలబెడితే ఏడాదిలో పోతుందట. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? అందులో ఉన్నవి నా ఫొటోలు కావు, జనాల పెళ్లిళ్లు. అందుకే టెన్షన్.

భద్రకాళి_బండ్
మీ బావది పాతకాలం మాట, కానీ గాలి మాట కాదు. 1980ల్లో స్టెప్పర్ మోటారుతో నడిచే డ్రైవులు ఉండేవి. ఏ తీరుగా పెట్టి ఫార్మాట్ చేస్తే ఆ తీరుగానే వాడమనేవాళ్లు. డేటా చదివి రాసే హెడ్ ఎక్కడుందో తెలియడానికి మోటారు ఎన్ని అడుగులు వేసిందన్న లెక్క తప్ప ఆ డ్రైవుకు వేరే ఆధారం లేదు. డ్రైవును తిప్పి పెడితే హెడ్ బరువు ఇంకో వైపు లాగి లెక్క కొద్దిగా తప్పేది. ఇప్పటి డ్రైవుల్లో ప్లాటర్ (డేటా ఉండే గుండ్రని పళ్లెం) మీదే సర్వో గుర్తులు, అంటే హెడ్‌కు దారి చూపే గుర్తులు, రాసి ఉంటాయి. హెడ్ వాటిని చదువుకుంటూ ప్రతి క్షణం తన దారి సరిచేసుకుంటుంది. పడుకోబెట్టినా, పక్కకు నిలబెట్టినా, కనెక్టర్లు కిందికి పెట్టినా కంపెనీల మాన్యువళ్లు ఒప్పుకుంటాయి.

దుకాణం వాళ్ల మాటే అసలు తప్పు. లోపల ఏమీ కదలకపోవడం ఏంది? నిమిషానికి 5400 చుట్ల డ్రైవులో ప్లాటర్లు సెకనుకు 90 సార్లు తిరుగుతాయి, 7200 అయితే 120 సార్లు. ఆ ప్లాటర్ల మీద హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. ఒరిగి ఉన్న డ్రైవును ఈ రాత్రే ఆపండి.

కాజీపేట_కేబిన్
నిలబెడితే పోతుందనుకునేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ కంపెనీ 2009లో తన స్టోరేజ్ పెట్టెల డిజైన్ బయటపెట్టింది. ఒక్కో పెట్టెలో 45 డ్రైవులు, అన్నీ కనెక్టర్లు కిందికి పెట్టి నిలబెట్టినవే. అంతదాకా ఎందుకు, బజారులో దొరికే చాలా నాస్ పెట్టెల్లో డ్రైవులు నిలువుగానే దూరుతాయి కదా.

సర్వపిండి
స్పాంజి గురించి మాత్రం నేను ఒప్పుకోను. నా నాస్ పడక గదిలో ఉంది. డ్రైవులను దళసరి ఎలాస్టిక్‌తో ఊయలలా కట్టి వేలాడదీశాను. చప్పుడు పూర్తిగా పోయింది, ఇప్పటిదాకా ఏ డ్రైవూ చెడిపోలేదు. మెత్తగా ఉంటే డ్రైవుకు హాయే కదా.

రామప్ప_రాయి
@సర్వపిండి చెవికి హాయి, డ్రైవుకు కాదు. హెడ్‌ను మోసే చెయ్యి ఒక వైపుకు విసురుగా కదిలినప్పుడల్లా డ్రైవు ఒళ్లు ఎదురు వైపుకు తిరగాలని చూస్తుంది. గట్టి లోహపు పంజరానికి బిగించి ఉంటే ఆ తోపు మొత్తం క్యాబినెట్ బరువులో కలిసిపోతుంది. వేలాడుతుంటే డ్రైవే ఊగుతుంది, హెడ్ ట్రాక్ (డేటా రాసి ఉండే సన్నని వలయం) మీద కుదురుకోవడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. ట్రాకులేమో అంగుళానికి లక్షల్లో ఉంటాయి. డ్రైవు పాడవడం సంగతి తర్వాత, ముందు వేగం పడిపోతుంది. రాయడం మధ్యలో ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

స్పాంజికి ఇంకో లోపం ఉంది. డ్రైవు తన వేడిలో కొంత భాగాన్ని స్క్రూల మీదుగా, అంచుల మీదుగా పంజరానికి ఇచ్చేస్తుంది. స్పాంజిలో కూరుకుపోతే ఆ దారి మూసుకుపోతుంది. సర్క్యూట్ బోర్డు కూడా కిందే ఉంటుంది, దాని మీద స్పాంజి అంటుకుంటే గాలి అసలే ఆడదు.

సర్వపిండి
చాలా క్యాబినెట్లలో స్క్రూ చుట్టూ రబ్బరు వాషర్లు ఇస్తారు కదా, మరి అవెందుకు?

రామప్ప_రాయి
అది సరైన ప్రశ్న. ఆ రబ్బరు పలుచనిది, మెడ ఉన్న స్క్రూతో కలిపి వస్తుంది, డ్రైవు అటూ ఇటూ ఊగనివ్వదు. సన్నని జలదరింపును మింగేసేంత మెత్తదనం దానికి చాలు. ఊయలకూ దానికీ పోలికే లేదు. చప్పుడు తగ్గించుకోవాలంటే డ్రైవులను పంజరానికి గట్టిగా బిగించి, మొత్తం క్యాబినెట్ కింద రబ్బరు కాళ్లు వేసుకోండి.

కాజీపేట_కేబిన్
అది పెరుగుతూ తగ్గుతూ వచ్చే మోత అన్నారుగా, కారణం చెప్తాను. ఒకే వేగంతో తిరుగుతున్నామనుకునే డ్రైవుల మధ్య రవ్వంత తేడా ఉంటుంది. రెండింటి జలదరింపులు ఒకసారి కలిసి గట్టిపడతాయి, ఇంకోసారి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. క్యాబినెట్ రేకు పలుచనిదైతే అదే స్పీకరులా మోగుతుంది. నాస్ కోసం చేసిన డ్రైవుల్లో చాలావాటిలో ఈ తిరుగుడు జలదరింపును పసిగట్టే సెన్సార్లు పెట్టింది ఇందుకే. ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్ లాంటి నాస్ డ్రైవులు ఎనిమిది గదుల పెట్టె వరకు అనీ, ప్రో రకాలు అంతకన్నా పెద్ద పెట్టెలకు అనీ కంపెనీలు రాసేదీ ఇందుకే. పక్కన ఎన్ని డ్రైవులు తిరుగుతుంటే అంత అదురు.

మొగిలిచర్ల_మామ
మనిషి అరిచినా డ్రైవుకు తెలుస్తుంది, ఎరుకేనా? 2008లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసే బ్రెండన్ గ్రెగ్ డేటా సెంటర్‌లో డ్రైవుల పెట్టె ముందు నిలబడి గట్టిగా అరిచాడు. స్పందన సమయం గ్రాఫ్‌లో ఠక్కున పైకి లేచింది. వీడియో ఇప్పటికీ ఉంది.

జమ్మికుంట_పత్తి
అయితే బతుకమ్మప్పుడు మా గల్లీలో డీజే పెడితే నా నాస్ కూడా చిందేస్తుందన్నట్టు 😀

మొగిలిచర్ల_మామ
చిందేయకపోయినా, సబ్‌వూఫర్ పక్కన మాత్రం పెట్టకు తమ్మీ. టీవీ స్టాండు మీద సౌండ్‌బార్, కింది అరలో నాస్ పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

ఖని_ఓపెన్‌కాస్ట్
మాది గోదావరిఖని. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ చేస్తే కిటికీ అద్దాలు గలగలమంటాయి. డ్రైవులు తిరుగుతూనే ఉంటాయి. ఆ టైముకు రోజూ ఆపేయాలా? బొగ్గు దుమ్ము కూడా మస్తు.

భద్రకాళి_బండ్
@ఖని_ఓపెన్‌కాస్ట్ ఆపక్కర్లేదు. 3.5 అంగుళాల డ్రైవు నడుస్తుండగా కూడా పదుల జీల (ఒక జీ అంటే భూమి ఆకర్షణంత) కుదుపును కొద్ది మిల్లీసెకన్లు తట్టుకునేలా చేస్తారు. ఆగి ఉంటే, అంటే హెడ్లు ప్లాటర్ మీద నుంచి తప్పుకుని పక్కన ర్యాంపు మీద ఉంటే, రెండు మూడు వందల జీల దాకా. అద్దాలు కదిలించే అదురు అందులో చిన్న వంతు కూడా కాదు. భయపడాల్సింది వేరే: సజ్జ అంచున ఉన్న పెట్టె రోజూ వెంట్రుకవాసి జరిగి జరిగి కింద పడటం. వెనక్కి జరిపి పెట్టండి, జారని రబ్బరు చాప వేయండి.

దుమ్ము డ్రైవు లోపలికి పోదు. పైన ‘ఈ రంధ్రం మూయకండి’ అని ఇంగ్లీషులో రాసి ఒక చిన్న బొక్క ఉంటుంది, దాని వెనక ఫిల్టర్ ఉంది. లోపలి, బయటి గాలి ఒత్తిడి సమానం కావడానికి అది కావాలి. దుమ్ము వస్తుందని దాని మీద టేపు అంటించేవాళ్లున్నారు, ఆ పని అసలు చేయొద్దు. హీలియం నింపిన డ్రైవులకు ఆ బొక్క ఉండదు, పూర్తిగా సీలు వేసి ఉంటాయి. అవి 2013 నుంచి మార్కెట్లో ఉన్నాయి. దుమ్ముతో నష్టపోయేది ఫ్యానూ, క్యాబినెట్ ముందున్న జాలీ. అవి మీ ఊళ్లో నెలకోసారైనా దులపాలి.

కాజీపేట_కేబిన్
మా ఇల్లు పట్టాల పక్కనే. గూడ్సు బండి పోతుంటే మంచం కూడా కదులుతుంది. కడప బండ షెల్ఫు మీద పెట్టిన నాస్‌కు ఇంతవరకు ఏమీ కాలేదు. గోడలోకి కట్టిన బండ కన్నా మంచి స్టాండు డబ్బు పెట్టినా దొరకదు. రేకు ర్యాకులే ఊగుతాయి.

పాలకుర్తి_ప్యాచ్
నాలుగు డ్రైవులకు స్క్రూలు చూసుకోండి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. 3.5 అంగుళాల డ్రైవుకు 6-32 అనే అంగుళాల కొలత స్క్రూ, 2.5 అంగుళాల దానికి ఎం3 అనే మూడు మిల్లీమీటర్లది. చూడటానికి దగ్గరగా ఉంటాయి, మరలు మాత్రం వేరు. ఎం3ను పెద్ద డ్రైవులో పెడితే వదులుగా తిరుగుతుంది, బిగిసినట్టు అనిపించి కొన్నాళ్లకు ఊడుతుంది. 6-32ను చిన్న డ్రైవులోకి బలవంతంగా తిప్పితే మరలు చిరిగిపోతాయి. పొడవు పావు అంగుళం సరిపోతుంది. ఫ్యానుకు వాడే పొడుగు స్క్రూలు డ్రైవులోకి దించితే లోపల ఏం తగులుతుందో మన చేతుల్లో ఉండదు. నాలుగు వైపులా సగం సగం బిగించి, తర్వాత ఒక్కో దాన్నీ పూర్తి చేయండి. స్క్రూడ్రైవర్ చేతిలో తిరగకుండా ఆగిందంటే చాలు, ఇంకా తిప్పకండి.

ఇంకోటి. పెద్ద సైజు డ్రైవులు కొన్నింటికి పక్కన మధ్య బొక్క ఉండదు, అడుగు బొక్కల చోటు కూడా మారింది. పాత క్యాబినెట్ ట్రేలో రెండు స్క్రూలే పడుతున్నాయంటే మీ పొరపాటు కాదు.

క్లిక్_హన్మకొండ
పొద్దున ఒరిగిన డ్రైవును పూల్ (నాలుగు డ్రైవులూ కలిపిన గుంపు) లోంచి ఆఫ్‌లైన్ చేసి తీశాను. అడుగు భాగం బాగా వేడిగా ఉంది. క్యాబినెట్‌లో పైన సీడీ డ్రైవు గదులు రెండు ఖాళీగా ఉన్నాయి. అందులో పెట్టొచ్చా? లేకపోతే వెల్డింగ్ షాపులో అల్యూమినియం యాంగిల్‌తో పంజరం చేయిద్దామా అని ఆలోచిస్తున్నా.

పాలకుర్తి_ప్యాచ్
సీడీ గదులే మంచివి. 5.25 గదిలో 3.5 డ్రైవు పట్టే రేకు బ్రాకెట్లు చవకగానే వస్తాయి. వరంగల్‌లో దొరక్కపోతే సికింద్రాబాద్ సీటీసీలో, అదే కంప్యూటర్ సామాన్ల బజారులో, అడగండి. ప్లాస్టిక్‌వి కాకుండా రేకువి తీసుకోండి. రెండు గదుల్లో మూడు డ్రైవులు పట్టే పంజరాలు కూడా ఉన్నాయి, ముందు ఫ్యానుతో.

యాంగిల్‌తో చేయించాలనుకుంటే కొలతలు రాసుకోండి: డ్రైవు వెడల్పు 101.6 మిల్లీమీటర్లు, పొడవు 147, మందం 26.1. పక్క బొక్కల్లో ముందుదీ వెనకదీ మధ్య దూరం కూడా 101.6. అవి డ్రైవు అడుగు నుంచి 6.35 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. బొక్కలు కొంచెం తప్పినా స్క్రూతో లాగి కలపకండి, డ్రైవు ఒళ్లు మెలితిరుగుతుంది. బొక్కను ఆకురాయితో సాగదీయండి. కోసిన అంచులు నున్నగా రుద్దాలి, లోహపు పొడి పూర్తిగా తుడవాలి. బోర్డు మీద ఒక్క రజను పడ్డా షార్టే.

లక్నవరం_లాగ్
3డి ప్రింటర్‌తో ట్రేలు చేసుకునేవాళ్లకు ఒక మాట. వాటికి మామూలుగా వాడే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో మన గదులే 40 దాటుతాయి. డ్రైవు వేడి కూడా తోడైతే బరువుకు ట్రే మెల్లగా వంగుతుంది. డ్రైవు ముప్పావు కిలో దాకా ఉంటుంది కదా. పీఈటీజీ గానీ ఏబీఎస్ గానీ, ఆ ప్లాస్టిక్‌లు వాడండి.

ఖని_ఓపెన్‌కాస్ట్
మా దగ్గర మేలో 45. డ్రైవు 50 చూపిస్తోంది. పోతదా?

సర్వపిండి
40 దాటితే ఆయుష్షు తగ్గుతుందని అందరూ అంటారు.

భద్రకాళి_బండ్
అందరూ అంటారు గానీ, గూగుల్ వాళ్లు 2007లో తమ డేటా సెంటర్ల డ్రైవుల మీద పేపర్ వేశారు. అనుకున్నంత సంబంధం కనిపించలేదన్నారు. బాగా ఎక్కువ వేడిలో, అదీ మూడేళ్లు దాటిన డ్రైవుల్లోనే తేడా తెలిసింది. మాన్యువళ్లలో 60, 65 దాకా అనుమతి ఉంటుంది. కాబట్టి 50 చూసి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

రామప్ప_రాయి
ఇక్కడ నేను అన్నతో విభేదిస్తాను. ఆ డేటా సెంటర్‌లో ఏసీ ఉంది, కరెంటు పోదు. మన ఇంట్లో మే మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్లు ఆగి, నాస్ మాత్రం ఇన్వర్టర్ మీద నడుస్తుంటే 50 నుంచి 60కి ఎంతో దూరం లేదు. పైగా రెయిడ్ రీబిల్డ్ (మార్చిన డ్రైవులోకి మిగతా డ్రైవుల నుంచి డేటా తిరిగి నింపడం) మొదలైతే అన్ని డ్రైవులూ గంటల తరబడి ఆపకుండా పనిచేస్తాయి. నేను 45కు అలర్ట్, 55కు ఆటోమేటిక్ షట్‌డౌన్ పెట్టుకుంటాను. రెండు డ్రైవుల మధ్య వేలు దూరేంత ఖాళీ, ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి. అది పెడితే 50 కాస్తా తగ్గుతుంది.

భద్రకాళి_బండ్
కరెంటు పోయే సంగతి నిజమే. అలర్ట్ మంచిదే. 45 మరీ తక్కువ, మన ఎండకు రోజంతా మోగుతుంది.

జమ్మికుంట_పత్తి
నాస్‌కు ఎదురుగా కూలర్ పెడితే?

లక్నవరం_లాగ్
వద్దు. తడి గాలి, దానితో పాటు నీళ్ల తుంపర. బోర్డు మీద దుమ్ము తడిసి అంటుకుంటే కనెక్టర్లు తుప్పు పడతాయి. అదే గదిలో ఇంకో మూల ఉంటే పరవాలేదు.

నయీంనగర్_నాస్
చోటు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. నాస్ నేల మీద పెట్టకండి. 2020 ఆగస్టులో మా వైపు ఇళ్లలోకి నీళ్లు ఎట్లా వచ్చాయో హన్మకొండలో అందరికీ తెలుసు, 2023 జూలైలో మళ్లీ చూశాం. మెట్ల కింద ఇన్వర్టర్ ఉంటే దాని పక్కన ఖాళీ ఉంది కదా అని నాస్ అక్కడ పెడతారు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి వచ్చే ఆవిరి రాగి తీగలను, కనెక్టర్లను తినేస్తుంది. మరీ ఎత్తున సజ్జ మీద పెట్టినా వేడి గాలంతా అక్కడికే చేరుతుంది. నడుము ఎత్తున గోడ షెల్ఫు సరైన చోటు. పిల్లల చేతికి అందకుండా.

మొగిలిచర్ల_మామ
కోతులకు కూడా అందకుండా రాయి. మా ఇంట్లో కిటికీలోంచి చెయ్యి పెట్టి రౌటర్ తీగ లాక్కుపోయింది.

పాలకుర్తి_ప్యాచ్
నడుస్తున్న నాస్‌ను దుమ్ము దులపడానికి పక్కకు తిప్పడం, ఎత్తి పెట్టడం ఇంట్లో వాళ్లతో కూడా చేయనివ్వొద్దు. తిరుగుతున్న ప్లాటర్లు పక్కకు తిప్పడానికి ఎదురు తిరుగుతాయి, ఆ ఒత్తిడి బేరింగుల మీద పడుతుంది. షట్‌డౌన్ చేసి, ప్లాటర్లు పూర్తిగా ఆగడానికి అర నిమిషం ఆగి, అప్పుడు కదపండి.

క్లిక్_హన్మకొండ
బ్రాకెట్లు దొరికాయి. స్పాంజి మీద నిలబెట్టిన రెండూ సీడీ గదుల్లోకి ఎక్కించాను, ఒక్కోదానికి నాలుగు స్క్రూలు. ముందు ఫ్యాన్ కూడా పెట్టాను. మోత చాలా తగ్గింది. ఒకటే అనుమానం: అందులో ఒక డ్రైవుకు స్మార్ట్ రిపోర్టులో (డ్రైవు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్కల పట్టిక) 199 నంబరు దగ్గర అంకె పెద్దగా ఉంది. 5, 197 రెండూ సున్నా. డ్రైవు మార్చాలా?

రామప్ప_రాయి
5, 197 ప్లాటర్ మీద చెడిన, అనుమానం ఉన్న చోట్ల లెక్కలు. అవి సున్నా అంటే ప్లాటర్లు బాగున్నట్టే. 199 కేబుల్ లెక్క. డ్రైవుకూ మదర్‌బోర్డుకూ మధ్య డేటా పాడై మళ్లీ పంపాల్సి వచ్చిన సార్లు అవి. స్క్రూ లేకుండా ఊగిన డ్రైవుకు కనెక్టర్ కూడా ఊగి ఉంటుంది. సాటా కేబుల్, అంటే డేటా తీగ, మార్చండి. కనెక్టర్ దగ్గరే మడత పడకుండా కొంచెం వదులు వదలండి, లోహపు క్లిప్ ఉన్నది తీసుకోండి. కేబుల్ మార్చినా ఆ పాత అంకె తగ్గదు, సున్నా కాదు. ఇక పెరగకుండా ఉంటే సమస్య తీరినట్టు. ఈ రోజు అంకె రాసి పెట్టుకుని వారం తర్వాత చూడండి.

నయీంనగర్_నాస్
ఎంత బాగా బిగించినా నాలుగు డ్రైవులూ ఒకే పెట్టెలో, ఒకే ఇంట్లో ఉన్నాయి. జనాల పెళ్లిళ్లు అన్నారు కాబట్టి అడుగుతున్నా, ఇంకో కాపీ వేరే చోట ఉందా?

క్లిక్_హన్మకొండ
ఈ సీజన్‌వి స్టూడియోలో విడిగా ఒక డ్రైవులో ఉన్నాయి. పాతవాటికి లేదు. దాని మీద పడతాను.

జమ్మికుంట_పత్తి
2.5 ఎస్ఎస్‌డీకి కూడా ఈ నియమాలన్నీ ఉన్నాయా? నాది డబుల్ టేపుతో క్యాబినెట్ గోడకు అంటించి ఉంది.

కాజీపేట_కేబిన్
దానికి అక్కర్లేదు, అందులో తిరిగేది ఏదీ లేదు. ఎండాకాలం టేపు జిగురు కరిగి ఊడితే తీగల మీద వేలాడుతుంది, అదొక్కటే. రెండు ఎం3 స్క్రూలు పెట్టెయ్.

జమ్మికుంట_పత్తి
ఎం3 స్క్రూలు ఇక్కడ దొరకడం లేదు.

పాలకుర్తి_ప్యాచ్
కంప్యూటర్ రిపేర్ షాపులో పాడైన సీడీ డ్రైవు ఒకటి అడుగు. పక్కన బిగించినవి ఎం3లే. చేతులతోనే తిప్పి చూడు, రెండు మూడు చుట్లు సాఫీగా దిగితే అదే సైజు.